కొలిచి నమ్ము: టర్బో కారు కూలెంట్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం

నల్లగొండ జిల్లావాళ్లకు నీళ్ల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు గ్రానైట్ పొరల్లోంచి పైకొచ్చిన బోరు నీళ్లు గ్లాసులో పోస్తే తేటగానే ఉండేవి. రంగు లేదు, వాసన లేదు. ఆ నీళ్లే తాగి తరాల తరబడి మనుషుల ఎముకలు వంగిపోయాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాలు చెబుతాయి. ఆ హద్దు దాటిందో లేదో కంటికి తెలియదు, నాలుకకూ తెలియదు. పరీక్ష చేస్తేనే తెలిసింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందిస్తే, ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలిచింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ లేచింది, తర్వాత నది నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాయి.

ఈ నేల మనకు నేర్పిన పాఠం ఒకటుంది: కంటికి బాగున్నదాన్ని కూడా కొలిచాకే నమ్మాలి. ఈ అధ్యాయంలో ఆ పాఠాన్ని కారు బోనెట్ కింద ఆచరిద్దాం. చేసే పని చిన్నదే. ఇంజన్‌ను చల్లబరిచే పాత ద్రవాన్ని దించి, లోపలి దారులు కడిగి, కొత్తది నింపి, చిక్కుకున్న గాలిని పూర్తిగా బయటికి తీయడం. పని పూర్తయ్యేసరికి మీ కారు మీద మీకుండే నమ్మకం ఊహ మీద కాకుండా మీరు రాసుకున్న అంకెల మీద నిలబడుతుంది. ఈ పుస్తకంలో పదేపదే చెబుతున్న ఆత్మవిశ్వాసం అలాంటిదే.

ఎవరికి ఈ అధ్యాయం

పోలో జీటీ, ఆక్టేవియా ఆర్‌ఎస్, బలేనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ వంటి టర్బో పెట్రోల్ కార్లు ఇప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ వీధుల్లో కొత్త కాదు. వాటిలో చాలావరకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. అమ్మినాయన టైర్లు చూపిస్తాడు, సర్వీస్ పుస్తకం చూపిస్తాడు. రేడియేటర్‌లో ఏ కూలెంట్ ఉందో, అందులో ఎన్నిసార్లు కుళాయి నీళ్లు కలిపారో చెప్పేవాళ్లు అరుదు. అలాంటి కారు చేతికొచ్చినప్పుడు మొదట చేయాల్సిన పెద్ద పనుల్లో ఇదొకటి.

మూడు సందర్భాల్లో మాత్రం ఇంటి దగ్గర మొదలుపెట్టకండి. కారు ఇంకా వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. హైబ్రిడ్ అయితే బ్యాటరీ వైపు చల్లదనానికి వేరే దారులుంటాయి, నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకూడదు. కారు ఇప్పటికే వేడెక్కి ఆగిపోతుంటే కూలెంట్ మార్చడం దానికి మందు కాదు, ముందు జబ్బేమిటో తేల్చాలి.

లోపల ఏం జరుగుతోంది

పెట్రోల్ కాలినప్పుడు పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతు కూలెంట్‌లోకి వేడిగా వెళ్తుంది. టర్బో కారులో ఆ భారం ఇంకా ఎక్కువ. గట్టిగా తోలినప్పుడు టర్బో దగ్గర పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. ఆ టర్బో బేరింగుల చుట్టూ తిరిగేది కూడా ఈ కూలెంటే. పంపు దాన్ని ఇంజన్ బ్లాక్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్ హెడ్‌లోకి తోస్తుంది. వేడి పెరిగాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, ద్రవం రేడియేటర్‌లోకి వెళ్లి చల్లబడి తిరిగొస్తుంది. ఒక చిన్న పాయ డాష్‌బోర్డు వెనకున్న హీటర్‌లోకి పోతుంది. కొన్ని కార్లలో టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరచడానికి ఇంకో చిన్న దారి, దానికో ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి.

మూత చేసే పని చాలామందికి తెలియదు. సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉన్న మహబూబ్‌నగర్‌లో మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకు కాదు, 98 దాటగానే మరుగుతాయి. ఇంజన్ మామూలుగా నడిచేదే 90 నుంచి 105 డిగ్రీల మధ్య. అక్కడ మరగకుండా ఆపేవి రెండు: కూలెంట్‌లోని గ్లైకాల్, మూత పట్టి ఉంచే ఒత్తిడి. సగం గ్లైకాల్, సగం నీళ్ల మిశ్రమానికి 1.1 బార్ మూత తోడైతే 125 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. మూతలోని రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే ఎంత మంచి కూలెంట్ పోసినా ఆ రక్షణ సగం పోయినట్టే. అందుకే ఈ పనితోపాటు పాత మూత కూడా మార్చేయండి. దాని ఖరీదు పెద్దది కాదు.

మన నీళ్లు ఇంజన్‌కు ఎందుకు పనికిరావు

ఇంట్లో గీజర్ ఉంటే దాని కాయిల్ విప్పించి చూడండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో రెండేళ్లకే దాని మీద తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలినచోట గట్టిపడి అంటుకుంటాయి. ఇంజన్‌లోనూ ఇదే జరుగుతుంది. పెచ్చు ముందుగా పట్టేది అన్నిటికంటే వేడిగా ఉండే సిలిండర్ హెడ్ లోపల, ఎగ్జాస్ట్ దారుల చుట్టూ. అల్యూమినియంతో పోలిస్తే ఆ పెచ్చు వేడిని సుమారు వందో వంతు మాత్రమే పోనిస్తుంది. గోరంత మందం పొర చాలు, హెడ్ లోపల వేడి పెరిగిపోతుంది, బయట ముల్లు మాత్రం మామూలుగానే ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ తీరాలి. మనుషులకు చేటు చేసిన ఫ్లోరైడ్ రేడియేటర్‌కు ప్రధాన శత్రువు కాదు. ఇంజన్‌ను దెబ్బతీసేవి కాఠిన్యం, క్లోరైడ్లు. క్లోరైడ్లు అల్యూమినియంలో సూది బెజ్జాలు పొడుస్తాయి. కాఠిన్యం పెచ్చు కట్టడంతో ఆగదు. కూలెంట్‌లో తుప్పును ఆపడానికి కలిపిన ఫాస్ఫేట్ల వంటి రసాయనాలతో కాల్షియం కలిసి మడ్డిగా దిగుతుంది, తుప్పు నుంచి కాపాడేవి ఖర్చయిపోతాయి. నది నుంచి వచ్చే భగీరథ నీళ్లు తాగడానికి మంచివి, బోరు నీళ్ల కంటే మెత్తనివి కూడా. అయినా అందులో ఖనిజాలుంటాయి, శుద్ధి చేసేటప్పుడు కలిపిన క్లోరిన్ ఉంటుంది. కాబట్టి ఇంజన్‌లో అవి కూడా వద్దు.

ఆర్‌ఓ ప్లాంట్ క్యాన్ నీళ్లు ఒక ప్లాంట్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటాయి. కొన్నిచోట్ల రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతారు. ఏసీ నుంచి కారిన నీళ్లలో దుమ్ము, లోహపు అంశం ఉంటాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే దారి. సీసా మీద అదే పేరుందో లేదో చదవండి, ఎందుకంటే అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొద్దిపాటి ధరకు దొరుకుతుంది, ఒకటి కొనుక్కుని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచండి. అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. తర్వాత మీ బోరు నీళ్లలో ముంచి చూడండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే ఇంకెవరూ మీకు ఈ విషయం బోధించాల్సిన పని ఉండదు.

గడ్డకట్టే చలి లేని ఊళ్లో గ్లైకాల్ ఎందుకు, ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలదా అని అడుగుతారు. నీళ్లు వేడిని గ్లైకాల్ మిశ్రమం కంటే బాగానే మోస్తాయి, అది నిజం. కానీ ఉత్త నీళ్లు తుప్పును ఆపలేవు, పంపు సీలుకు రక్షణ ఇవ్వవు, మరిగే హద్దును పెంచవు. కంపెనీ పుస్తకంలో రాసిన నిష్పత్తికి కట్టుబడండి. మామూలుగా అది 40 నుంచి 50 శాతం. కూలెంట్‌ను రంగు చూసి కొనకండి. గులాబీ, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగులకు అన్ని కంపెనీలూ పాటించే నియమమేదీ లేదు. డబ్బా మీదున్న ప్రమాణం నంబరు, మీ కారు పుస్తకంలోని నంబరు ఒకటే కావాలి.

సరంజామా

ముందురోజే అన్నీ ఒకచోట పెట్టుకోండి. మీ కారు మొత్తం కూలెంట్ సామర్థ్యం ఎంతో పుస్తకంలో చూసి రాసుకోండి. చిన్న టర్బో కార్లలో ఎక్కువగా 5 నుంచి 8 లీటర్లుంటుంది. కావాల్సినవి ఇవి:

1. నీళ్లు కలపని గాఢ కూలెంట్, మొత్తం సామర్థ్యంలో సగానికి కాస్త ఎక్కువ.
2. డిస్టిల్డ్ వాటర్ 15 లీటర్లు.
3. కొత్త మూత, డ్రెయిన్ దగ్గరి కొత్త రబ్బరు వాషర్.
4. వెడల్పాటి ట్రే, లీటరు గుర్తులున్న జగ్గు లేదా బకెట్.
5. సాకెట్ సెట్టు, హోస్ క్లిప్పులు విప్పే ప్లయర్.
6. జాకీతోపాటు రెండు గట్టి స్టాండ్లు, చక్రాలకు అడ్డు చెక్కలు.
7. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, టార్చి.
8. కారు కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌లో చూపే ఓబీడీ రీడర్.
9. నోటు పుస్తకం, పెన్ను.

ఎనిమిదోది విలాసం అనుకోకండి. చాలా కొత్త కార్లలో వేడి చూపే ముల్లును 90 దగ్గరే నిలిచేలా తయారుచేస్తారు. అసలు వేడి దానికి కాస్త అటూ ఇటూ పోయినా ముల్లు కదలదు. డ్రైవర్ కంగారు పడకూడదని చేసిన ఏర్పాటు అది. గాలి తీసే పనిలో మనకు అసలు అంకె కావాలి, అది ఓబీడీ రీడర్‌లో కనబడుతుంది.

మొదటి మెట్టు: దించడం

ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి. తెల్లవారుజామున మొదలుపెడితే మన ఎండాకాలంలో కూడా పది గంటలలోపు కష్టమైన భాగం ముగుస్తుంది. వేడి ఇంజన్ మూత ఎన్నడూ తిప్పకండి. ఒత్తిడి పోయిన క్షణంలో లోపలి ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలనే మాట నమ్మకండి. ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ తనంతట తానే తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఏ పనికీ దూరకండి.

మొదట చూడండి, తర్వాత విప్పండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురుందా? కూలెంట్ మీద నూనె తెట్టు తేలుతోందా? ఉంటే నూనె, కూలెంట్ లోపల ఎక్కడో కలుస్తున్నాయని అనుమానించి అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి. లేకపోతే కింది కవర్ విప్పి, ట్రే పెట్టి, పైమూత తీసి, రేడియేటర్ డ్రెయిన్ తెరవండి. డ్రెయిన్ లేని కార్లలో కింది హోస్‌ను మెల్లగా లాగాలి. అంటుకుపోయిన రబ్బరును స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్లాస్టిక్ మూతి పగులుతుంది. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి వదులు చేయండి.

దిగినదాన్ని జగ్గుతో కొలిచి పుస్తకంలో రాయండి. మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అంకె ఇదే.

రెండో మెట్టు: కడగడం, దాని లెక్క

సామర్థ్యం 6 లీటర్లనుకుందాం. దిగింది 4 లీటర్లు. మిగతా 2 లీటర్ల పాత కూలెంట్ బ్లాక్‌లో, హీటర్‌లో ఉండిపోయింది. డ్రెయిన్ మూసి 4 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోస్తే లోపల ఇంకా మూడో వంతు పాతదే. ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడపండి. రేడియేటర్ పై హోస్, కింది హోస్ రెండూ వేడెక్కితే తెరుచుకున్నట్టు. ఈ నీళ్లతో కారును రోడ్డెక్కించకండి, నిలబెట్టే నడపండి. పూర్తిగా చల్లారాక మళ్లీ దించండి. రెండోసారి పోసినప్పుడు పాతది తొమ్మిదో వంతు, మూడోసారికి ఇరవై ఏడో వంతు, అంటే 4 శాతం లోపు. మూడుసార్లు చాలు. దిగిన నీళ్లు మూడోసారికీ తుప్పు రంగులోనే ఉంటే నాలుగోసారి చేయండి.

ప్రతిసారీ ఇంజన్ చల్లారాలి కాబట్టి ఇది ఒక్కపూట పని కాదు, శని ఆదివారాలు రెండూ పడుతుంది. తొందరపడి వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ వంకరపోవచ్చు, పగలొచ్చు. బోరు మోటారుకు పైపు తగిలించి ఒత్తిడితో కడగడం కూడా వద్దు. ఆ నీళ్లలోని లవణాలు లోపలే మిగులుతాయి, ఆ ఒత్తిడి హీటర్ గొట్టాలకు మంచిది కాదు. బాత్రూమ్ యాసిడ్ల జోలికి అసలే వెళ్లకండి, అల్యూమినియాన్ని అవి తినేస్తాయి. పెచ్చు బాగా పట్టిన కారుకు అల్యూమినియం ఇంజన్ల కోసమే చేసిన ఫ్లష్ ద్రావణం వాడండి. డబ్బా మీద చెప్పిన సమయం దాటనివ్వకండి, తర్వాత రెండుసార్లు అదనంగా కడగండి.

మూడో మెట్టు: నింపడం

చివరిసారి దించాక లోపల 2 లీటర్ల నీళ్లు మిగిలే ఉన్నాయని గుర్తుంచుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే. దుకాణంలో కొన్న సగం సగం మిశ్రమాన్ని 4 లీటర్లు పోస్తే అందులో గ్లైకాల్ 2 లీటర్లే. మొత్తం 6 లీటర్లలో అది 33 శాతం, తుప్పు రక్షణకు చాలదు. సరైన పద్ధతి: ముందు గాఢ కూలెంట్ 3 లీటర్లు, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ 1 లీటరు. లోపలున్న 2 లీటర్లతో కలిసి సరిగ్గా సగం సగం అవుతుంది. మీ కారు సామర్థ్యం వేరైతే అంకెలు మారతాయి, లెక్క మారదు. సామర్థ్యంలో సగం గాఢ కూలెంట్, తర్వాత నిండేదాకా డిస్టిల్డ్ వాటర్.

సన్నటి ధారగా పోయండి. మధ్యమధ్య ఆగి పై హోస్‌ను చేత్తో నొక్కి వదలండి, బుడగలు పైకొస్తాయి. గాలి తీసే స్క్రూలు ఉన్న కార్లలో వాటిని వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. అవి ఇత్తడివో ప్లాస్టిక్‌వో అయి ఉంటాయి, గట్టిగా తిప్పితే విరుగుతాయి.

నాలుగో మెట్టు: గాలి తీయడం

చెరువు దగ్గరో కాలువ దగ్గరో మోటారు పెట్టిన రైతుకు ఈ మెట్టు ఇట్టే అర్థమవుతుంది. పైపులోకి గాలి పడితే మోటారు హోరుమంటుంది కానీ నీళ్లెత్తదు. అందుకే స్విచ్ వేసేముందు పైపు నిండా నీళ్లు పోస్తారు. కారు పంపు కూడా అదే రకం. లోపల గాలి ముద్ద చిక్కితే పంపు తిరుగుతుంది, ద్రవం కదలదు.

గాలి ఎప్పుడూ ఎత్తయిన చోటే నిలుస్తుంది. కారులో ఆ చోట్లు హీటర్, థర్మోస్టాట్ మూత, టర్బోకు పోయే సన్న గొట్టాలు, సిలిండర్ హెడ్ పైభాగం. వేడి ఎక్కువగా పుట్టేదీ అక్కడే కావడం వల్ల ప్రమాదం. వేడి కొలిచే సెన్సర్ గాలి ముద్దలో ఉంటే ద్రవం వేడి దానికి తెలియదు. లోపల హెడ్ కాలిపోతున్నా అంకె తక్కువే చూపిస్తుంది. పాత కార్లు కొంత గాలిని ఓర్చుకుంటాయి. టర్బో ఇంజన్‌కు ఆ ఓర్పు తక్కువ.

చేతిపద్ధతి ఇది. కారు ముక్కు వైపు కాస్త ఎత్తులో ఉండాలి, పోసే మూతి అన్నిటికంటే పైన ఉండటమే ఉద్దేశం. హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ తక్కువ మీద పెట్టండి. మీ కారు పుస్తకం మూత తీసి ఉంచమంటే అలా, మూసి ఉంచమంటే అలా నడపండి. ఓబీడీ రీడర్ ఎదురుగా పెట్టుకోండి. ఐడ్లింగ్‌లో వేడి పెరిగేకొద్దీ బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మూత తీసి ఉన్న కార్లలో నీళ్లు కలిపిన కూలెంట్‌ను కొద్దికొద్దిగా పోస్తూ ఉండండి. మూత మూసి నడిపే కార్లలో మధ్యలో తెరవకండి, చల్లారాకే పోయండి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక రెండు వేల ఆర్‌పీఎం దగ్గర కాసేపు పట్టి వదలండి, మళ్లీ పట్టండి. ఇలా చేస్తే హీటర్‌లోని గాలి కదులుతుంది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టండి.

ఈసారి మూడు గుర్తులు సరిచూడండి. హీటర్ నుంచి ఎడతెగని వేడి గాలి రావాలి. రెండు హోసులూ వేడిగా ఉండాలి. ఓబీడీ అంకె నిలకడగా ఉండాలి. హీటర్ గాలి ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా వస్తుంటే గాలి ఇంకా లోపలే ఉంది. అంకె ఉన్నట్టుండి ఎగిరినా, ఉన్నట్టుండి పడినా అదే అర్థం. 110 దాటితే ఇంజన్ ఆపేయండి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి.

వాక్యూమ్ పద్ధతి ఇంకా నమ్మకమైనది. చివరిసారి దించాక, మూడో మెట్టుకు బదులుగా, కూలెంట్ నింపే వాక్యూమ్ పరికరాన్ని మూత స్థానంలో బిగించి కంప్రెసర్ గాలి ఇస్తే అది లోపలి గాలినంతా లాగేస్తుంది. హోసులు నొక్కుకుపోయినట్టు కనబడతాయి, భయపడకండి. వాల్వ్ మూసి ఐదు నిమిషాలు చూడండి. గేజి ముల్లు కదలకపోతే ఎక్కడా లీకు లేదు. ముల్లు దిగుతుంటే కూలెంట్ పోయకముందే లీకు దొరికినట్టు. ముల్లు నిలిస్తే రెండో వాల్వ్ తెరవగానే ఆ శూన్యమే బకెట్‌లోని కూలెంట్‌ను లోపలికి పీల్చుకుంటుంది. దీంతో నింపాలంటే నిష్పత్తి బకెట్‌లోనే కలిపి ఉంచుకోవాలి. పైన చెప్పిన లెక్కలో 3 లీటర్ల గాఢ కూలెంట్‌కు 1 లీటరు నీళ్లు. ఇంట్లో కంప్రెసర్ లేకపోయినా టైరు పంక్చర్ షాపులో ఉంటుంది.

టర్బో గాలిని చల్లబరిచే వేరే దారి ఉన్న కార్లలో దాని ఎలక్ట్రిక్ పంపును స్కానర్‌తో నడిపిస్తేనే అక్కడి గాలి కదులుతుంది. మీ దగ్గర స్కానర్ లేకపోతే ఆ ఒక్క పనికి స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. మిగతాదంతా మీరు చేసి, ఆ ఒక్కటి అడగడంలో చిన్నతనమేమీ లేదు.

ఐదో మెట్టు: మూడు ఉదయాలు

ఇంజన్ ఆపగానే పని అయిపోయిందనుకుంటారు. ఇంకా మూడు ఉదయాలు మిగిలాయి. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో లోపల సన్నగా మిగిలిన గాలి కూలెంట్ ట్యాంకులోకి చేరుతుంది, మట్టం కొంత దిగుతుంది. మొదటి ఉదయం కొంత తగ్గడం సహజం. ఎంత పోశారో రాయండి. అదే రోజు నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకానో, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాకానో మామూలు వేగంతో వెళ్లి రండి. రెండో ఉదయం తక్కువ పట్టాలి. మూడో ఉదయం అసలు పట్టకూడదు. మూడో రోజు కూడా తగ్గితే అది గాలి కాదు, లీకు. ప్రెషర్ టెస్ట్ చేయించండి. ట్యాంకులో ఎడతెగని బుడగలు, తియ్యటి వాసనతో తెల్ల పొగ ఉంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

కూలెంట్ గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్ దొరికితే మూడో రోజు ఒక చుక్క వేసి చూడండి. సగం సగం మిశ్రమం గడ్డకట్టే హద్దును అది సుమారు మైనస్ 37 డిగ్రీలుగా చూపుతుంది. మన ఊళ్లో ఆ చలి రాదు. అయినా మీ నిష్పత్తి లెక్క సరిగ్గా కుదిరిందో లేదో ఆ అంకే చెబుతుంది.

ఘాట్ రోడ్డు ఈ పరీక్షలన్నీ అయ్యాకే. కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు, వంతెన దాటాక మళ్లీ ఎక్కుడు. తక్కువ వేగంలో ఎక్కువ భారం మీద ఎక్కేటప్పుడు రేడియేటర్‌కు గాలి అందదు, ఫ్యాన్ మీదే అంతా ఆధారం. నల్లమల అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, రాత్రివేళ దారి మూసేస్తారు. నమ్మకం లేని కారును అక్కడికి తీసుకెళ్లడం కుటుంబాన్ని అడవిలో నిలబెట్టడమే. పైకి ఎక్కాక ఇంజన్ వెంటనే ఆపకండి, ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది.

పాత కూలెంట్ బాధ్యత

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కొద్దిగా నాకినా కుక్క ప్రాణానికి ముప్పు. పసిపిల్లలు, గొర్రెలు, బర్రెలు తిరిగే వాకిట్లో ట్రేను ఒక్క నిమిషం కూడా వదలకండి. ఎవరైనా మింగితే ఇంటి వైద్యాలు చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, కూలెంట్ డబ్బా వెంట తీసుకెళ్లండి. మోరీలో, కాలువలో, చెట్టు మొదట్లో పోయకండి. మూత గట్టిగా పడే క్యాన్‌లో పోసి, పైన ‘విషం’ అని రాసి, వాడిన కూలెంట్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కు అప్పగించండి. కడిగిన నీళ్లకూ ఇదే నియమం. నీళ్ల విషం ఎలా ఉంటుందో చూసిన జిల్లాల్లో మనం ఇంకో విషాన్ని నేలలోకి దించకూడదు.

అంకె చేతిలో ఉన్న మనిషి

“అన్నా, కారు హీటైతుంది, జర చూడు” అని మెకానిక్ దగ్గరికి వెళ్తే అతను కూడా ఊహతోనే మొదలుపెట్టాలి. ఒక్కో భాగం మార్చి చూడాలి, ఖర్చు మీది. “అన్నా, ఆరు లీటర్ల సిస్టమ్, నాలుగు దిగింది, మూడుసార్లు కడిగిన. మూడో రోజు పొద్దున కూడా పావు లీటరు తగ్గింది. వేడి 98 దాటలే. ప్రెషర్ టెస్ట్ చేద్దామా?” అని అడిగితే మాట తీరే మారుతుంది. అతను మిమ్మల్ని తనతో కలిసి పనిచేసేవాడిగా చూస్తాడు. మీ ప్రశ్నకు అతని అనుభవం తోడవుతుంది.

ఈ గుణం కారుతో ఆగదు. డాక్టరు దగ్గర “ఒంట్లో బాగాలేదు” అనే మనిషికీ, వారం రోజుల బీపీ అంకెలు రాసుకుని వెళ్లే మనిషికీ దొరికే వైద్యం ఒకటి కాదు. పంట పెట్టుబడి ఊహగా చెప్పే రైతుకూ, ఎకరానికి ఎంతైందో రాసుకున్న రైతుకూ బ్యాంకు మేనేజర్ ఎదుట ఉండే ధైర్యం ఒకటి కాదు. కొలిచినవాడు అనవసరంగా భయపడడు, అవసరమైన భయాన్ని నిర్లక్ష్యం చేయడు.

ఈ అధ్యాయం అభ్యాసం

శివరాత్రితో చలి పోతుందంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ రెంటి మధ్య మూడు నెలలే మీ ఇంజన్‌కు అసలు పరీక్ష. కాబట్టి శివరాత్రికి ముందొచ్చే ఒక శని ఆదివారాలను ఈ పనికి ఇవ్వండి. నోటు పుస్తకంలో ఒక పేజీ తీసుకుని పైన కారు నంబరు, తేదీ, కిలోమీటర్లు రాయండి. కింద ఈ ఏడు గడులు గీయండి:

1. పుస్తకం ప్రకారం మొత్తం సామర్థ్యం.
2. బోరు నీళ్ల టీడీఎస్, డిస్టిల్డ్ వాటర్ టీడీఎస్.
3. మొదటిసారి దిగిన పాత కూలెంట్, లీటర్లలో.
4. ఎన్నిసార్లు కడిగారు, చివరిసారి దిగిన నీళ్ల రంగు.
5. పోసిన గాఢ కూలెంట్, పోసిన నీళ్లు, అయిన శాతం.
6. ఐడ్లింగ్‌లో, హైవే మీద ఓబీడీ చూపిన అత్యధిక వేడి.
7. మూడు ఉదయాలు పట్టిన కూలెంట్.

ఏ గడిలోనూ ‘సుమారు’ అని రాయకండి. వచ్చే సారి కూలెంట్ మార్చే తేదీని మీ కారు పుస్తకం చూసి పేజీ అడుగున వేయండి. ఇంట్లో నడిపే ఇంకొకరికి, తమ్ముడికో కూతురికో, ఈ పేజీ చూపించి ఒక్కో అంకె అర్థం చెప్పండి. ఏడో గడిలో మూడో ఉదయం దగ్గర సున్నా పడ్డాకే కారులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరండి.